బిగ్ స్టార్ రెండో ఆల్బం 'రేడియో సిటీ': తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికన్ రాక్ బృందం బిగ్ స్టార్ 1974లో విడుదల చేసిన 'రేడియో సిటీ'ని కొత్తగా విన్నవారికి దాదాపు ఒకే రకమైన సందేహాలు వస్తుంటాయి. ఇంత పేరున్న ఆల్బం అప్పట్లో ఎందుకు అమ్ముడుపోలేదు, బీటిల్స్ ఛాయలు ఇంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు దీన్ని సొంత సృష్టి అని ఎలా అంటారు, కొన్ని పాటలు సగంలో ఆపేసినట్టు ఎందుకున్నాయి అన్నవి వాటిలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేవి. వాటికి విడివిడిగా సమాధానాలు ఇక్కడ ఉన్నాయి. ఏ ప్రశ్న నుంచి మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## వినడానికి ముందు

పవర్ పాప్ అంటే అసలు ఏమిటి? పాప్ పాటనే గట్టిగా వాయిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఒకసారి వినగానే నోట్లో ఆడే బాణీ, రెండు మూడు గొంతులు కలిసి పాడే పల్లవి, మూడు నిమిషాలు మించని నిడివి పాప్ పాట నుంచి వస్తాయి; పాటను ముందుకు తోసే గిటార్ మీటు, ఊపిరి తీసుకోనివ్వని డ్రమ్స్ రాక్ నుంచి వస్తాయి. ఈ రెండింటిలో ఏదీ రెండోదాన్ని మింగేయకుండా చూసుకోవడమే ఈ శైలిలోని కష్టం. గిటార్ మోత పెరిగితే అది హార్డ్ రాక్ అవుతుంది, తగ్గితే మామూలు పాప్ అవుతుంది. 1967లో ద హూ బృందం గిటారిస్టు పీట్ టౌన్సెండ్ తమ సంగీతాన్ని వర్ణిస్తూ ఈ పేరు వాడాడు. స్మాల్ ఫేసెస్ వాయించినదీ, బీచ్ బాయ్స్ తొలిరోజుల్లో పాడినదీ అదే కోవలోకి వస్తాయన్నాడు. ఒక శైలికి స్థిరమైన పేరుగా అది వాడుకలోకి వచ్చింది మాత్రం తర్వాతి దశాబ్దంలోనే. ఈ పాటలకు మరో లక్షణం కూడా ఉంది. సంగీతం ఎంత ఉల్లాసంగా ఉన్నా మాటల్లో చాలాసార్లు దక్కని ప్రేమ గురించిన దిగులే ఉంటుంది. ఆ వైరుధ్యం లేని పవర్ పాప్ నాకైతే రెండోసారి వినబుద్ధి కాదు.

బిగ్ స్టార్ వాళ్ళు ఎవరు? ఈ పేరు ఎప్పుడూ వినలేదే!

టెనసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో నలుగురు యువకులు 1971లో ఏర్పాటు చేసుకున్న బృందం ఇది. క్రిస్ బెల్, అలెక్స్ చిల్టన్ గిటార్లు వాయిస్తూ పాడేవారు, ఆండీ హమ్మెల్ బేస్ గిటార్, జోడీ స్టీవెన్స్ డ్రమ్స్ వాయించేవారు. వాళ్ళు రికార్డు చేసే స్టూడియోకు ఎదురుగా బిగ్ స్టార్ అనే సూపర్‌మార్కెట్ ఉండేది. ఆ బోర్డు చూసే పేరు పెట్టుకున్నారు. నలుగురిలో అప్పటికే దేశమంతా తెలిసిన గొంతు చిల్టన్‌ది. బాక్స్ టాప్స్ అనే బృందంతో 1967లో, పదహారేళ్ళ వయసులో అతను పాడిన 'ద లెటర్' అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరి నాలుగు వారాలు అక్కడే నిలిచింది. ఆ పాటలో వినిపించే బొంగురు గొంతు, బిగ్ స్టార్‌లో వినిపించే సన్నని, కాస్త వణికే గొంతు ఒకే మనిషివంటే నమ్మడం కష్టం. బాక్స్ టాప్స్‌లో ఎలా పాడాలో నిర్మాతలు చెప్పేవారు. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు.

మొదటి ఆల్బం వినకుండా నేరుగా రెండోది వినవచ్చా?

నిరభ్యంతరంగా వినవచ్చు. 1972లో వచ్చిన మొదటి ఆల్బం 'నంబర్ వన్ రికార్డ్' మరింత మెరుగు పెట్టినది, గొంతుల పొరలు ఎక్కువ ఉన్నది, చెవికి త్వరగా అలవాటయ్యేది. రెండోది గరుకుగా, చురుకుగా ఉంటుంది. రాక్ సంగీతం బాగా అలవాటున్నవారు రెండోదానితో మొదలుపెడితేనే ఈ బృందపు ప్రత్యేకత త్వరగా తెలుస్తుందని నా అభిప్రాయం. మెలోడీ ప్రధానంగా వినేవారికి మొదటిది సులువు.

క్రిస్ బెల్ ఎందుకు వెళ్ళిపోయాడు? అతను లేకుండా ఈ ఆల్బం ఎలా తయారైంది?

బిగ్ స్టార్‌ను మొదలుపెట్టిందీ, మొదటి ఆల్బం ధ్వనికి రూపం ఇచ్చిందీ ప్రధానంగా బెల్. బీటిల్స్ పాటలు రాసిన లెనన్, మెకార్ట్నీల పద్ధతిలో బెల్, చిల్టన్ ఇద్దరి పేర్లూ కలిపే పాటల మీద వేసుకున్నారు. రికార్డుకు మంచి సమీక్షలు వచ్చాయి కానీ అది దుకాణాలకు సరిగా చేరలేదు. వచ్చిన కొద్దిపాటి గుర్తింపు కూడా పాత పేరున్న చిల్టన్ చుట్టూనే తిరిగింది. బెల్ తీవ్రంగా కుంగిపోయాడు, గొడవలు జరిగాయి, 1972 చివరికల్లా బృందం నుంచి తప్పుకున్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలు బిగ్ స్టార్ ఉన్నట్టా లేనట్టా అన్నది వాళ్ళకే తెలియదు. 1973 మే నెలలో, వాళ్ళ రికార్డులు వెలువరించే ఆర్డెంట్ సంస్థ అమెరికాలోని రాక్ సంగీత విమర్శకులను మెంఫిస్‌కు పిలిచి ఒక సమావేశం ఏర్పాటు చేసినప్పుడు మిగిలిన ముగ్గురూ అక్కడ వాయించారు. రికార్డులు కొనేవాళ్ళు పట్టించుకోని బృందాన్ని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, ఆ ఉత్సాహంతోనే రెండో ఆల్బం పని మొదలైంది. ఆల్బం మీద బెల్ పేరు లేకపోయినా 'ఓ మై సోల్', 'బ్యాక్ ఆఫ్ ఎ కార్' పాటల కూర్పులో అతని చేయి కొంత ఉందని చెబుతారు.

అతను లేకపోవడం వినికిడిలోనే తెలుస్తుంది. గిటార్ మీద గిటార్, గొంతు మీద గొంతు పేర్చి, సంతృప్తి కలిగేదాకా చెక్కడం బెల్ పద్ధతి. అతను వెళ్ళాక చాలాచోట్ల ఒక గిటార్, ఒక బేస్, ఒక డ్రమ్స్ సెట్ మాత్రమే మిగిలాయి. మరొకరైతే ఆ ఖాళీని వయొలిన్లతోనో అద్దె వాద్యకారులతోనో నింపేవారు. ఈ ముగ్గురూ దాన్ని అలాగే వదిలి, దాని చుట్టూ వాయించారు. 'రేడియో సిటీ'కి ఉన్న విలువలో సగం ఆ నిర్ణయం నుంచే వచ్చిందని నేను అనుకుంటాను.

## ప్రభావాలు

వింటుంటే బీటిల్స్ గుర్తొస్తున్నారు. ఇది కాపీ కాదా?

గుర్తు రావడం సహజమే. వీళ్ళు బీటిల్స్ వింటూ పెరిగిన పిల్లలు. చరణం తర్వాత పల్లవి, రెండు పల్లవుల తర్వాత బాణీ కొత్త దారి పట్టే చిన్న మధ్యభాగం, మళ్ళీ పల్లవి అనే కట్టుబాటును అక్కడి నుంచే నేర్చుకున్నారు. ఉల్లాసంగా వెళ్తున్న వరుసలోకి హఠాత్తుగా ఒక మైనర్ కార్డ్ (దిగులుగా ధ్వనించే స్వరాల కలయిక) తెచ్చి నీడ పరచడం కూడా అక్కడి నుంచి వచ్చిందే. అయితే బీటిల్స్ పాటల్లో, ముఖ్యంగా 1965 ప్రాంతపు పాటల్లో, ప్రతి భాగమూ తన చోట కచ్చితంగా కూర్చుంటుంది. చిల్టన్ అదే ఇంటి నమూనా తీసుకుని ఒక గోడ కట్టకుండా వదిలేసినవాడిలా కనిపిస్తాడు. పాడే పంక్తి అనుకున్న చోటికంటే కాస్త ఆలస్యంగా మొదలవుతుంది, గిటార్ పంక్తి మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంటుంది, పల్లవి వస్తుందనుకున్న చోట రెండు తాళాలు అదనంగా గడుస్తాయి.

కాలం సంగతి కూడా చూడాలి. 1973 నాటికి బీటిల్స్ విడిపోయి మూడేళ్ళయింది. అమెరికా దక్షిణాదిన ఆల్మన్ బ్రదర్స్ బృందం తరహాలో సుదీర్ఘమైన గిటార్ వాదనకు ఆదరణ ఉంది, మూడు నిమిషాల పాటను చిన్నపిల్లల వ్యవహారంగా చూసే ధోరణి బలంగా ఉంది. అప్పుడు ఆ రూపాన్ని ఎంచుకోవడం గాలివాటున పోవడం కాదు. ఎవరూ అడగని పని అది.

బీటిల్స్ కాకుండా ఇంకెవరి ప్రభావం ఉంది?

మూడు బృందాలను ముఖ్యంగా చెప్పుకోవాలి. మొదటివారు ద బర్డ్స్. 1965లో ఆ బృందం గిటారిస్టు రోజర్ మగ్విన్ పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్‌తో తెచ్చిన గంటల మోత లాంటి ధ్వని 'సెప్టెంబర్ గర్ల్స్', 'వే అవుట్ వెస్ట్' పాటల్లో నేరుగా వినిపిస్తుంది. కార్డ్‌ను ఒక్కసారిగా మీటకుండా తీగలను విడివిడిగా మోగనివ్వడం దాని ఆనవాలు. రెండోవారు ద కింక్స్. రెండు మూడు కార్డ్‌లను మొండిగా తిప్పి తిప్పి వాయిస్తూ దాన్నే పాటకు వెన్నెముకగా చేయడం 1964 నుంచీ వాళ్ళ గుర్తు. 'మాడ్ లాంగ్', 'షీ ఈజ్ ఎ మూవర్' పాటల్లోని పొగరు అక్కడిదే.

మూడోవారు ద హూ. ఈ ప్రభావం గిటార్‌లో కంటే డ్రమ్స్‌లో ఎక్కువ. ద హూ డ్రమ్మర్ కీత్ మూన్ తాళం కొట్టి ఊరుకునేవాడు కాదు, గాయకుడితో పోటీపడి మాట్లాడేవాడు. జోడీ స్టీవెన్స్ అంత అల్లరి చేయడు కానీ 'బ్యాక్ ఆఫ్ ఎ కార్'లో అతని డ్రమ్స్‌ను మాత్రమే పట్టుకుని ఒకసారి వినండి. పంక్తికీ పంక్తికీ మధ్య ఉన్న ప్రతి ఖాళీలోకీ దొర్లుకుంటూ వస్తాయి, అయినా పాటకు అడ్డం పడవు. ఆల్బం మొత్తంలో అత్యుత్తమ వాద్యకారుడు స్టీవెన్సేనని వాదించడానికి ఆ ఒక్క పాట చాలు.

మెంఫిస్ అంటే సోల్ సంగీతం (నల్లజాతి అమెరికన్ల భావోద్వేగపు గాన శైలి) కదా! ఆ ఛాయలేమీ లేవా?

ఉన్నాయి, అవే ఈ ఆల్బంను ఇంగ్లండు బృందాల అనుకరణ కాకుండా కాపాడాయి. మెంఫిస్‌లోని స్టాక్స్ సంస్థ ఓటిస్ రెడ్డింగ్ లాంటి గాయకులకు నిలయం. ఆ సంస్థ ఆస్థాన వాద్యబృందం బుకర్ టీ అండ్ ద ఎంజీస్‌లో స్టీవ్ క్రాపర్ గిటార్ వాయించేవాడు. పొడవైన సోలోలు (ఒంటరి గిటార్ వాదన) లేకుండా, చిన్న చిన్న కోతలుగా, తాళాల మధ్య సందుల్లో వాయించడం అతని ప్రత్యేకత. ఆల్బంలో మొట్టమొదటి పాట 'ఓ మై సోల్' వినగానే ఆ గుణం తెలుస్తుంది. ఐదున్నర నిమిషాలు దాటే ఆ పాట పవర్ పాప్ నిబంధనలను దేన్నీ పాటించదు. గిటార్ తెగుతూ అతుకుతూ సాగుతుంది, డ్రమ్స్ దాన్ని వెంబడిస్తాయి. మెంఫిస్‌లో పెరగని బృందానికి ఈ నడక పట్టుబడడం కష్టం. సంస్థాగతంగా కూడా సంబంధం ఉంది: బిగ్ స్టార్ రికార్డులు వెలువడిన ఆర్డెంట్ లేబుల్ పంపిణీ స్టాక్స్ చేతిలోనే ఉండేది.

బ్యాడ్‌ఫింగర్, రాస్‌బెర్రీస్ కూడా అప్పటివాళ్ళే కదా. వాళ్ళకూ వీళ్ళకూ తేడా ఏమిటి?

కాలం ఒకటే, మూలాలు ఒకటే, ఫలితాలు వేరు. బ్యాడ్‌ఫింగర్ బీటిల్స్ స్థాపించిన ఆపిల్ సంస్థలోనే రికార్డులు చేసిన బృందం; 1970 నాటి 'నో మ్యాటర్ వాట్' ఈ శైలికి తొలి నమూనాల్లో ఒకటి. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన రాస్‌బెర్రీస్ 1972లో 'గో ఆల్ ద వే'తో అమెరికాలో ఐదో స్థానం దాకా వెళ్ళారు. అదే ఏడాది గాయకుడు టాడ్ రండ్‌గ్రెన్ కూడా ఈ దారిలో ఒక మంచి పాట చేశాడు. వీళ్ళందరి రికార్డుల్లో పాట రేడియోకు తగ్గట్టు శుభ్రంగా, నిండుగా ఉంటుంది. 'రేడియో సిటీ'లో రేడియోకు నప్పేలా ఉన్న పాటలు కొన్నే, వాటిలో కూడా ఏదో ఒక అంచు గుచ్చుకుంటుంది.

## పాటలు

మొదట ఏ పాటతో మొదలుపెట్టాలి?

'సెప్టెంబర్ గర్ల్స్', తర్వాత 'బ్యాక్ ఆఫ్ ఎ కార్', ఆ తర్వాత 'యూ గెట్ వాట్ యూ డిజర్వ్'. ఈ మూడూ నచ్చితే మొత్తం పన్నెండు పాటలనూ వరుసలో వినండి. మొత్తం నిడివి సుమారు 36 నిమిషాలే.

'సెప్టెంబర్ గర్ల్స్' పాటను అంత గొప్పగా ఎందుకు చెబుతారు? నాకు మామూలుగానే అనిపించింది.

మొదటిసారి మామూలుగా అనిపించడం అసాధారణమేమీ కాదు, ఎందుకంటే ఈ పాటను అనుసరించి వచ్చిన పాటలను మనం ముందే వినేసి ఉంటాం. మూడు నిమిషాలకు లోపే ముగిసే ఈ పాటలో అనవసరమైన ఒక్క క్షణం కూడా లేదు. మోగే గిటార్ పంక్తితో మొదలవుతుంది, ఆ పంక్తే శ్రోత గుర్తుంచుకునే మొదటి బాణీ అవుతుంది. పాడే బాణీ దానికి జవాబులా వస్తుంది. మాటలు చాలా తక్కువ. సెప్టెంబర్ అమ్మాయిలను తలచుకుంటూ డిసెంబర్ అబ్బాయి పడే బాధ తప్ప కథ ఏమీ లేదు. చిల్టన్ పుట్టినది 1950 డిసెంబర్ 28 అని తెలిస్తే ఆ డిసెంబర్ అబ్బాయి ఎవరో ఊహించడం కష్టం కాదు.

అసలు పనితనం భావాన్ని తూచిన తీరులో ఉంది. గిటార్లు పండుగలా మోగుతుంటే గొంతు మాత్రం అప్పుడే ఓడిపోయి వచ్చినవాడిలా ఉంటుంది, ఆ రెండూ చివరిదాకా రాజీపడవు. పల్లవి కూడా పెద్దగా అరిచి ఆకట్టుకునేది కాదు. ఒక మెట్టు ఎక్కి, అక్కడ నిలవకుండా దిగిపోతుంది. గిటార్ సోలోలో వేగం చూపించే ప్రయత్నం లేదు, అది బాణీని మరో రకంగా పాడుతుంది. పవర్ పాప్‌కు ఒకే ఒక్క ఉదాహరణ చెప్పమంటే చాలామంది విమర్శకులు ఈ పాట పేరే చెబుతారు, ఆ విషయంలో నాకు వాళ్ళతో పేచీ లేదు.

'డైసీ గ్లేజ్' మధ్యలో వేరే పాట మొదలైనట్టు ఉంటుందేమిటి?

అది ఉద్దేశపూర్వకంగా చేసినదే. పాట మొదట చాలా నెమ్మదిగా, నిద్రలో నడుస్తున్నట్టు సాగుతుంది; గొంతులో కూడా బలం ఉండదు. దాదాపు ఆగిపోయిందనుకున్న చోట డ్రమ్స్ మూడు దెబ్బలు వేస్తాయి, అక్కడి నుంచి వేగం రెట్టింపై పాట కోపంగా పరుగెత్తుతుంది. ఒకే దుఃఖంలోని రెండు దశలను రెండు వేగాలతో చెప్పిన ఈ కూర్పులో ముగ్గురికీ భాగం ఉంది, ఆల్బంలో సాహసం ఎక్కువగా కనిపించేది కూడా ఇక్కడే.

కొన్ని పాటలు హడావిడిగా వాయించినట్టు, పూర్తికానట్టు ఉన్నాయి. అది లోపమా, శైలా?

కొంత పరిస్థితి, కొంత ఎంపిక. 'మాడ్ లాంగ్', 'షీ ఈజ్ ఎ మూవర్', 'వాట్స్ గోయింగ్ ఆన్' పాటలు బిగ్ స్టార్ ముగ్గురూ కలిసి చేసినవి కావు; చిల్టన్ డ్రమ్మర్ రిచర్డ్ రోజ్‌బ్రోతో, బేస్ వాద్యకారుడు డానీ జోన్స్‌తో రాత్రివేళల్లో విడిగా రికార్డు చేసుకున్నవి. స్నేహితులు సరదాగా వాయించినప్పుడు వచ్చే వదులుతనం వాటిలో ఉంది. ఆల్బంకు పాటలు కావలసి వచ్చినప్పుడు వాటిని శుభ్రం చేసి మళ్ళీ వాయించకుండా ఉన్నవాటినే తీసుకున్నారు.

నా మట్టుకు 'షీ ఈజ్ ఎ మూవర్' ఈ ఆల్బంలో బలహీనమైన పాట, లేకపోయినా నష్టం లేదు. 'లైఫ్ ఈజ్ వైట్'లో చెవిలో గుచ్చినట్టు వచ్చే మౌత్ ఆర్గాన్ మాత్రం వేరే సంగతి. ఆ పాట చిరాకు గురించే, వాద్యం కూడా చిరాకు పెట్టడం అక్కడ న్యాయమే. పూర్తికానట్టు అనిపించే ప్రతిదాన్నీ కళగా సమర్థించనక్కరలేదు, అలాగని ప్రతిదాన్నీ నిర్లక్ష్యం కింద కొట్టేయడమూ సరికాదు.

అన్ని పాటలూ చిల్టనే పాడాడా?

దాదాపు అన్నీ. 'వే అవుట్ వెస్ట్' మాత్రం ఆండీ హమ్మెల్ రాయగా జోడీ స్టీవెన్స్ పాడినది. దూరంగా వెళ్ళిపోయిన అమ్మాయి గురించిన ఆ పాటలో స్టీవెన్స్ గొంతు తడబడుతూ, నిష్కపటంగా ఉంటుంది, పాటకు అదే కావాలి. చాలా పాటల రచనలో హమ్మెల్ పాలు కూడా ఉంది. దీన్ని చిల్టన్ ఒక్కడి ఆల్బంగా చెప్పేవాళ్ళు ఆ సంగతి మరచిపోతుంటారు.

చివరి రెండు పాటలు అంత చిన్నవి ఎందుకు?

'మోర్ఫా టూ' పియానోతో, 'ఐయామ్ ఇన్ లవ్ విత్ ఎ గర్ల్' ఒక్క అకూస్టిక్ గిటార్‌తో చిల్టన్ ఒంటరిగా పాడినవి. రెండూ రెండేసి నిమిషాలు కూడా ఉండవు. అంతసేపూ మోగిన డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు హఠాత్తుగా తప్పుకోవడంతో శ్రోత గొంతుకు చాలా దగ్గరగా వచ్చేస్తాడు. చివరి పాటలో వ్యంగ్యం లేదు, మలుపు లేదు, ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పడం తప్ప మరే ప్రయత్నమూ లేదు. పది పాటల చికాకు తర్వాత వచ్చింది కాబట్టే ఆ సూటిదనం నమ్మదగినదిగా ఉంది.

ఇంగ్లీషు మాటలు సరిగా పట్టుబడటం లేదు. సాహిత్యం చూసుకుంటూ వినాలా?

అవసరం లేదు. చిల్టన్ మాటలను కావాలనే మింగుతూ పాడతాడు, కొన్ని పంక్తులు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి కూడా అందవు. రెండు మూడుసార్లు విన్నాక కావాలంటే చూసుకోవచ్చు.

## స్టూడియో, ముఖచిత్రం

యాభై ఏళ్ళ నాటి రికార్డు ఇంత స్పష్టంగా ఎలా ఉంది?

ఆ ఘనత చాలావరకు ఆర్డెంట్ స్టూడియో యజమాని, ఇంజనీరు జాన్ ఫ్రైది. స్టాక్స్ సంస్థకు సొంత స్టూడియో చాలనప్పుడు పని ఇక్కడికి వచ్చేది. రాక్ బృందం లెడ్ జెప్లిన్ మూడో ఆల్బం మిక్సింగ్ కూడా ఇక్కడే జరిగింది. ఫ్రై చేసిన విశేషం ఏమిటంటే, ఆసక్తి ఉన్న కుర్రాళ్ళకు రికార్డింగ్ పరికరాలు వాడడం నేర్పి, డబ్బు చెల్లించే ఖాతాదారులు వెళ్ళిపోయాక రాత్రిళ్ళు స్టూడియోను వాళ్ళ చేతికి ఇచ్చేవాడు. పేరులేని బృందానికి అంత మంచి పరికరాల దగ్గర అంత సమయం దొరకడం అప్పట్లో అరుదు.

ధ్వని విషయానికి వస్తే, గిటార్లలో పై స్థాయి ధ్వని బాగా ముందుకు తెచ్చారు, మధ్యలో ఇరుకు లేకుండా ఉంచారు, అందువల్ల బేస్ గిటార్ వాయించే ప్రతి స్వరం విడిగా వినిపిస్తుంది. డ్రమ్స్ పెద్దగా ఉన్నా గొంతును కప్పవు. మామూలు ఇయర్‌ఫోన్లలో ఈ రికార్డు కాస్త పలచగా, పదునుగా అనిపించవచ్చు. స్పీకర్లలో, కొంచెం ధ్వని పెంచి వింటే అదే రికార్డు గది నిండుతుంది.

అట్ట మీద ఎర్రటి సీలింగు, బల్బు ఫొటో ఏమిటి? ఆల్బంతో సంబంధం ఉందా?

అది విలియం ఎగల్‌స్టన్ 1973లో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్‌లో తీసిన ఛాయాచిత్రం. ఎర్రరంగు పూసిన పైకప్పు, మధ్యలో ఆచ్ఛాదన లేని బల్బు, దాని నుంచి మూడు వైపులా పాకిన తెల్లని తీగలు తప్ప చిత్రంలో దాదాపు ఏమీ లేదు. రంగుల ఛాయాచిత్రాన్ని కళగా అంగీకరింపజేసినవారిలో ఎగల్‌స్టన్ ముఖ్యుడు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 1976లో అతని చిత్రాలతో ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఈ ఆల్బం అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది. అతను మెంఫిస్‌లో చిల్టన్ కుటుంబానికి స్నేహితుడు కావడం వల్ల ఈ చిత్రం దొరికింది. పాటలతో నేరుగా సంబంధం లేదు, కానీ మామూలు గదిలో ఏదో అపశకునం దాగి ఉన్నట్టు కనిపించే ఆ ఎరుపు ఈ పాటల స్వభావానికి బాగా అతికింది.

## విడుదల, ఆ తర్వాత

సమీక్షలు బాగున్నాయి కదా, మరి ఎందుకు అమ్ముడుపోలేదు?

కొనాలనుకున్నవారికి దుకాణంలో రికార్డు దొరకలేదు. స్టాక్స్ 1972లో పెద్ద సంస్థ కొలంబియాతో పంపిణీ ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందానికి అండగా నిలిచిన కొలంబియా అధిపతి క్లైవ్ డేవిస్‌ను 1973 మే నెలలో పదవి నుంచి తొలగించారు, ఆ తర్వాత వచ్చినవారికి స్టాక్స్ మీద ఆసక్తి పోయింది. రెండు సంస్థల మధ్య తగాదా ముదురుతున్న సమయంలోనే, 1974 ఆరంభంలో, 'రేడియో సిటీ' బయటికి వచ్చింది. పత్రికల్లో మెచ్చుకోళ్ళు వచ్చాయి, రెండు సింగిల్స్ (విడి పాటల రికార్డులు) కూడా విడుదల చేశారు, కానీ పెట్టెలు గోదాముల నుంచి దుకాణాలకు కదలలేదు. అప్పట్లో అమ్ముడైనవి 20,000 ప్రతుల ప్రాంతంలోనే అని సాధారణంగా చెబుతారు. 1975 డిసెంబర్‌లో స్టాక్స్ దివాలా తీసింది.

ఇక్కడ ఒక అనుమానం న్యాయమైనదే: పంపిణీ సరిగా ఉంటే ఇది నిజంగా పెద్ద హిట్ అయ్యేదా? ఒకటి రెండు పాటలు తప్పక అయ్యేవి. మొత్తం ఆల్బం మాత్రం 1974 నాటి శ్రోతలకు వింతగానే ఉండేదని నాకనిపిస్తుంది.

బృందం వెంటనే విడిపోయిందా?

ఆండీ హమ్మెల్ కాలేజీ చదువు పూర్తిచేయడానికి వెళ్ళిపోయాడు, అతని స్థానంలో జాన్ లైట్‌మన్ కొంతకాలం వాయించాడు. చిల్టన్, స్టీవెన్స్ 1974లో నిర్మాత జిమ్ డికిన్సన్‌తో కలిసి మూడో ఆల్బం కోసం రికార్డు చేసిన పాటలు 1978 దాకా వెలుగు చూడలేదు. అదే 1978 డిసెంబర్ 27న క్రిస్ బెల్ కారు ప్రమాదంలో మరణించాడు. అతని వయసు 27 ఏళ్ళు.

ఎవరూ కొనని ఆల్బం ఇంత ప్రభావం ఎలా చూపింది?

కొన్నవాళ్ళలో సంగీతం చేసేవాళ్ళు ఎక్కువ. 1978లో ఇంగ్లండులో ఈఎంఐ మొదటి రెండు ఆల్బంలనూ కలిపి మళ్ళీ విడుదల చేయడంతో కొత్త తరానికి అవి అందాయి. ద బ్యాంగిల్స్ బృందం 1986లో 'డిఫరెంట్ లైట్' ఆల్బంలో 'సెప్టెంబర్ గర్ల్స్'ను పాడింది. ఆ ఆల్బం లక్షల్లో అమ్ముడైంది కాబట్టి బిగ్ స్టార్ పేరు వినని ఎందరికో ఆ పాట చేరింది. 1987లో ద రీప్లేస్‌మెంట్స్ ఏకంగా 'అలెక్స్ చిల్టన్' అనే పేరుతోనే ఒక పాట చేశారు, దాన్ని రికార్డు చేసింది కూడా ఆర్డెంట్‌లోనే. స్కాట్లండుకు చెందిన టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ 1991 నాటి 'బ్యాండ్‌వాగనెస్క్' వింటే అప్పు ఎక్కడి నుంచి తెచ్చారో దాచే ప్రయత్నమే కనిపించదు. అమెరికన్ రాక్ బృందం ఆర్.ఇ.ఎం. సభ్యులు కూడా తమ మీద ఈ బృందం ప్రభావం గురించి బాహాటంగా చెప్పినవారే.

వీళ్ళందరూ తీసుకున్నది బాణీల కంటే ఎక్కువగా ఒక అనుమతి అని చెప్పాలి. చక్కని పాప్ పాట రాస్తూనే దాన్ని నున్నగా చేయకుండా వదిలేయవచ్చునని ఈ రికార్డు చూపించింది, 1980ల అమెరికన్ గిటార్ బృందాలకు కావలసింది అదే.

'దట్ సెవెంటీస్ షో' సీరియల్ టైటిల్ పాట ఈ ఆల్బంలోదేనా?

కాదు. ఆ పాట మొదటి ఆల్బంలోని 'ఇన్ ద స్ట్రీట్'. సీరియల్‌లో వినిపించేది కూడా బిగ్ స్టార్ పాడినది కాదు, ఇతరులు మళ్ళీ పాడినది. తర్వాతి సీజన్లలో చీప్ ట్రిక్ బృందం పాడింది.

ఇప్పుడు ఎవరున్నారు? మళ్ళీ ఎప్పుడైనా కలిసి వాయించారా?

1993లో మిసౌరీ విశ్వవిద్యాలయంలో చిల్టన్, స్టీవెన్స్ బిగ్ స్టార్ పేరుతో మళ్ళీ వేదిక ఎక్కారు. ద పోసీస్ బృందానికి చెందిన జాన్ ఆవర్, కెన్ స్ట్రింగ్‌ఫెలో వాళ్ళతో కలిశారు. ఆ నలుగురే 2005లో 'ఇన్ స్పేస్' అనే కొత్త ఆల్బం కూడా చేశారు. చిల్టన్ 2010 మార్చి 17న, హమ్మెల్ అదే ఏడాది జూలైలో, జాన్ ఫ్రై 2014లో మరణించారు. అసలు నలుగురిలో మిగిలింది జోడీ స్టీవెన్స్ ఒక్కడే. మొదటి ఆల్బంకు యాభై ఏళ్ళు నిండిన 2022లో ఆర్.ఇ.ఎం. బేస్ వాద్యకారుడు మైక్ మిల్స్, జాన్ ఆవర్, క్రిస్ స్టేమీ, పాట్ సాన్సోన్‌లతో కలిసి స్టీవెన్స్ ఈ పాటలను మళ్ళీ వేదిక మీదికి తెచ్చాడు.

ఇది నచ్చింది. తర్వాత ఏం వినాలి?

నచ్చినది గిటార్ల మోత అయితే ద బర్డ్స్ 1965 నాటి రికార్డుల దగ్గరకు వెనక్కి వెళ్ళండి, తర్వాత టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ దగ్గరకు ముందుకు రండి. నచ్చినది గొంతులోని దిగులు అయితే క్రిస్ బెల్ 1978లో విడుదల చేసిన సింగిల్ 'ఐ యామ్ ద కాస్మోస్' తప్పక వినాలి. ద్వేషించినా ప్రేమించినా ఆ పాటను సగంలో ఆపలేరు. వదులుతనం, తెగింపు నచ్చినవారికి బిగ్ స్టార్ మూడో ఆల్బం ఉంది, కానీ అందులో పవర్ పాప్ చాలావరకు కరిగిపోయి ఉంటుంది. దాన్ని 'రేడియో సిటీ' విన్న రోజే వినకండి, కొన్ని వారాలు ఆగండి.